కోల్‌కతా: నగరానికి పాలు అందాయి, మరి దూడకు? పశువులకు ఏడాది పొడవునా మేత, ఆరోగ్యం అందాలంటే ఏం చేయాలి?

వానాకాలంలో కోల్‌కతా శివార్లలోని ఏ పశువుల పాకకు వెళ్లినా దాదాపు ఒకే దృశ్యం కనిపిస్తుంది. కాళ్ల కింద ఆరని బురద, గాటిలో తడిసిన వరిగడ్డి, ఒక మూల డొక్కలు తేలిన దూడ. పాలిచ్చే పశువు ముందు దాణా తొట్టి ఉంటుంది. దూడ ముందు చాలాసార్లు ఏమీ ఉండదు.

దీనికి యజమాని నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. పచ్చిక లేని చోట పశువును ఉంచడం, దూడ తాగవలసిన పాలకు నగరంలో మంచి ధర పలకడం, వరిగడ్డి తప్ప మరో మేత చౌకగా దొరకకపోవడం అనే మూడు పరిస్థితులు కలిసి దూడను ఆ మూలకు నెట్టాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పశువులు పెంచే తెలుగు రైతులకూ ఈ పరిస్థితులు కొత్తవి కావు. అందువల్ల కోల్‌కతా అనుభవం నుంచి గ్రహించవలసింది ఎంతో ఉంది.

మాంసపు పశువు, పాల పశువు వేరు కాని చోటు

పాశ్చాత్య దేశాల్లో మాంసం కోసం పెంచే పశువుల మందలు వేరు, పాడి మందలు వేరు. మాంసపు మందలో తల్లి పాలను ఎవరూ పిండుకోరు. దూడ ఆరు నుంచి ఎనిమిది నెలల వరకు తల్లి వెంటే పచ్చికలో తిరుగుతూ పాలు కుడుస్తుంది. బ్రెజిల్‌లో లక్షల సంఖ్యలో మేస్తున్న 'నెలోర్' పశువులు ఇలాగే పెరుగుతాయి. ఆంధ్ర తీరం నుంచి తరలివెళ్లిన ఒంగోలు జాతి వంశమే ఈ నెలోర్. నెల్లూరు పేరే అక్కడ అలా స్థిరపడింది.

కోల్‌కతాలో పరిస్థితి ఇందుకు భిన్నం. పశ్చిమ బెంగాల్‌లో పశువధను 1950 నాటి పశువధ నియంత్రణ చట్టం నియంత్రిస్తుంది. ఆవులు, ఎద్దులు, దూడలే కాక గేదెలు, దున్నలు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తాయి. పశువు వయసు 14 ఏళ్లు దాటి పనికి గాని, సంతానోత్పత్తికి గాని అక్కరకు రాకుండా ఉండాలి. లేదా వృద్ధాప్యం, గాయం, అంగవైకల్యం, నయం కాని వ్యాధి వల్ల శాశ్వతంగా అశక్తమై ఉండాలి. ఈ మేరకు స్థానిక సంస్థ అధిపతి, పశువైద్యుడు కలిసి ధ్రువపత్రం ఇచ్చిన తరువాతే వధకు అనుమతి ఉంటుంది.

అంటే చట్టం ప్రకారం ఇక్కడ మాంసానికి చేరే పశువు, తన జీవితమంతా పాలిచ్చిన లేదా నాగలి లాగిన ముసలి పశువే. మాంసం కోసమే దూడను పెంచే పద్ధతికి ఇక్కడ చోటు లేదు. మరోవైపు ట్రాక్టర్లు వచ్చాక కోడెదూడకు పొలం పని కూడా తగ్గిపోయింది. ఇటు మాంసపు విలువ గాని, అటు పని విలువ గాని లేని కోడెదూడను ఎవరు మేపాలన్నదే అసలు ప్రశ్న. పెయ్యదూడ పరిస్థితి కొంత మెరుగు. కానీ అది ఆదాయం ఇవ్వడానికి కనీసం రెండున్నర, మూడేళ్లు పడుతుంది గనుక దాని వంతు మేతకూ కోత పడుతుంటుంది.

'ఖటాల్' నేర్పిన చేదు పాఠం

నగరం నడుమ వెలసిన పాడి కొట్టాలను కోల్‌కతాలో 'ఖటాల్' అంటారు. శీతలీకరణ, వేగవంతమైన రవాణా లేని రోజుల్లో తాజా పాలు కావాలంటే పశువునే నగరానికి తీసుకురావలసి వచ్చేది. బిహార్, ఉత్తరప్రదేశ్ ప్రాంతాల నుంచి వచ్చిన గ్వాలాలు ఈ వృత్తిని నడిపారు. ఈనిన ఆవులను, గేదెలను దూర ప్రాంతాల నుంచి కొని తెచ్చేవారు. అవి వట్టిపోయాక తిరిగి చూడి కట్టించి, తరువాతి ఈత వరకు మేపడం నగరంలో గిట్టుబాటు అయ్యేది కాదు. అలా మేలుజాతి పాడి పశువులు ఒకటి రెండు ఈతలతోనే కబేళాకు చేరేవి. వాటి దూడలు అంతకంటే ముందే కన్నుమూసేవి.

దూడ చనిపోతే మరో సమస్య ఎదురయ్యేది. మన దేశపు ఆవు, గేదె సాధారణంగా దూడ కుడిస్తేనే పాలు చేపుతాయి. దూడ లేని పశువు చేత పాలు చేపించడానికి కొందరు చర్మంలో గడ్డి కూరిన బొమ్మ దూడను చూపేవారు. మరికొందరు 'ఫూకా' అనే క్రూర పద్ధతికి పాల్పడేవారు. పశువు జననాంగంలోకి గాలి ఊది, ఆ బాధతో పాలు దిగేలా చేయడమే ఫూకా.

దక్షిణాఫ్రికాలో ఉన్న రోజుల్లో మహాత్మా గాంధీకి ఈ హింసను వివరించే రచనలు కలకత్తా నుంచే అందాయి. పాలు మానాలన్న ఆలోచన ఆయనకు అప్పటికే ఉంది. ఈ రచనలు దానికి బలం చేకూర్చాయి. 1912లో టాల్‌స్టాయ్ ఫామ్‌లో ఆయన పాలు వదిలివేశారు. తీవ్ర అనారోగ్యం తరువాత మేకపాలకు మాత్రమే అంగీకరించారు. జంతు హింస నివారణ చట్టం, 1960లోని 12వ సెక్షన్ ఫూకాను నేరంగా పరిగణించి, రెండేళ్ల వరకు జైలు శిక్షను, వెయ్యి రూపాయల వరకు జరిమానాను నిర్దేశించింది. ఆ పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. పాలు చేపడానికి ఆక్సిటోసిన్ సూదిని విచక్షణ లేకుండా వాడడం ఈ దురాచారానికి నేటి రూపమని చెప్పవచ్చు.

స్వాతంత్ర్యానంతరం డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ఈ సమస్యకు పరిష్కారం నగరం వెలుపల వెతికారు. కోల్‌కతాకు ఉత్తరాన నదియా జిల్లాలోని హరింఘాటాలో ప్రభుత్వ పశుక్షేత్రం అభివృద్ధి చెందింది. నగరంలో పశువుల పెంపకాన్ని నియంత్రించడానికి 1959లో పశువుల లైసెన్సింగ్ చట్టం వచ్చింది. 1970లో ప్రారంభమైన 'ఆపరేషన్ ఫ్లడ్' తొలి దశలో దిల్లీ, ముంబయి, చెన్నైలతోపాటు కోల్‌కతాను కూడా గ్రామీణ పాల సేకరణ కేంద్రాలతో అనుసంధానించారు. ఆ పథకం వెనుక ఉన్న ఆలోచన సరళమైనది: పశువు మేత ఉన్న చోటే ఉండాలి, ప్రయాణం చేయవలసింది పాలు.

నగరంలోని ఖటాళ్లు ఆ తరువాత కూడా చాలాకాలం కొనసాగాయి. కానీ పశువు గ్రామానికి చేరినంత మాత్రాన మేత సమస్య తీరిపోలేదు. బెంగాల్ గ్రామంలోనూ గాటిలో కనిపించేది ప్రధానంగా వరిగడ్డే.

వరిగడ్డితో కడుపు నిండుతుంది, ఒళ్లు నిండదు

వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. పశువు కడుపులోని సూక్ష్మజీవులు సక్రమంగా పనిచేయాలంటే మేతలో కనీసం ఏడు శాతం మాంసకృత్తులు ఉండాలి. అంతకంటే తగ్గితే ఆ సూక్ష్మజీవులు పీచును సరిగా విడగొట్టలేవు. గడ్డి కడుపులో ఎక్కువసేపు నిలిచిపోతుంది, పశువు తినడం తగ్గిస్తుంది. గడ్డిలోని సిలికా జీర్ణానికి అడ్డుపడితే, ఆక్సలేట్లు కాల్షియం ఒంటబట్టకుండా చేస్తాయి. కడుపు ఉబ్బెత్తుగా, వెన్నెముక పైకి తేలి కనిపించే పశువు ఆకలితో లేకపోవచ్చు, కానీ పోషకాహార లోపంతో ఉన్నట్లే లెక్క.

దీనికి చాలాకాలంగా పరీక్షకు నిలిచిన మార్గం యూరియాతో గడ్డిని మాగబెట్టడం. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియాను 40 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, గడ్డిని పొరలు పొరలుగా పరుస్తూ సమానంగా చల్లాలి. బాగా తొక్కి, గాలి చొరబడకుండా పాలిథిన్ పట్టాతో కప్పి మూడు వారాలు ఉంచాలి. యూరియా నుంచి వెలువడే అమ్మోనియా గడ్డిలోని గట్టి పీచు బంధాలను సడలిస్తుంది, మాంసకృత్తుల శాతాన్ని సుమారు రెట్టింపు చేస్తుంది. మాగిన గడ్డిని మేపే ముందు కొంతసేపు గాలికి ఆరబెట్టి, ఘాటు వాసన పోయాక కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. యూరియా నీటిని పశువు తాగినా, కరగని యూరియా పలుకులు తిన్నా ప్రాణాపాయం కలుగుతుంది. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టరాదు. వాటి నెమరు సంచి అప్పటికి పూర్తిగా ఎదగదు.

గంగా డెల్టాకు మరో ప్రత్యేక సమస్య ఉంది. నదియా, ఉత్తర 24 పరగణాల వంటి జిల్లాల్లో భూగర్భ జలంలో ఆర్సెనిక్ ఉంది. బోరు నీటితో పండిన వరిలో ఈ విషం గింజలో కంటే గడ్డిలోనే ఎక్కువగా పేరుకుంటుంది. అలాంటి చోట పశువులకు వాననీటి చెరువుల నీరు లేదా పరీక్షించిన నీరు అందించడం, వరిగడ్డి వాటా తగ్గించి పచ్చిమేత పెంచడం మేలు.

ఒక పశువుకు ఏడాదికి ఎంత మేత కావాలి?

పశువు రోజుకు తన బరువులో సుమారు రెండున్నర శాతం మేర పొడి పదార్థం తినాలి. 300 కిలోల ఆవుకు ఇది ఏడున్నర కిలోలు అవుతుంది. 3 కిలోల వరిగడ్డి, 12 కిలోల పచ్చిమేత, రెండున్నర కిలోల దాణా కలిపితే ఈ అవసరం దాదాపు తీరుతుంది. పాల దిగుబడిని బట్టి దాణా పెంచాలి. దీనికి 30 నుంచి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, కొద్దిగా ఉప్పు చేర్చాలి.

పచ్చిమేత లేకుండా రోజుకు 5 కిలోల వరిగడ్డి మేపితే ఏడాదికి 1,800 కిలోలకు పైగా కావాలి. ఇది సుమారు ఎకరం వరి నుంచి వచ్చే గడ్డి. వరికోత యంత్రాలు వచ్చాక గడ్డి పొలంలోనే చెల్లాచెదురై, వాములకు చేరేది తగ్గింది. కాబట్టి ఏడాది మేత లెక్కను కోతల సమయంలోనే వేసుకోవాలి. వేసవిలో గడ్డి వెతుక్కునే రైతు ఎక్కువ ధర పెట్టి తక్కువ నాణ్యత గల గడ్డిని కొనవలసి వస్తుంది.

దాణాలో బెంగాల్‌లో ఆవపిండి చెక్క, వరి తవుడు, గోధుమ పొట్టు ఎక్కువగా వాడతారు. తెలుగు ప్రాంతాల్లో వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, తవుడు వాడుకలో ఉన్నాయి. ఏ చెక్కయినా తేమ తగిలితే బూజు పడుతుంది. ఆ బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ పశువు కాలేయాన్ని దెబ్బతీయడమే కాక పాలలోకీ చేరుతుంది. దాణా బస్తాలను గోడకు ఆనించకుండా చెక్క బల్లల మీద ఉంచడం ఖర్చు లేని జాగ్రత్త.

కాలాన్ని బట్టి మేత

శీతకాలంలో, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అమన్ వరి కోత తరువాత కొత్త గడ్డి చేతికి వస్తుంది. వాము వేయడానికి, యూరియాతో మాగబెట్టడానికి ఇదే అనువైన సమయం. చల్లని వాతావరణంలో ఓట్స్, బర్సీమ్ బాగా పెరుగుతాయి. బర్సీమ్ వంటి లేత పప్పుజాతి మేతను ఖాళీ కడుపు మీద ఎక్కువగా పెడితే పొట్ట ఉబ్బరం వస్తుంది. ముందు కొంత ఎండుగడ్డి తినిపించి ఆ తరువాతే పెట్టాలి.

వేసవిలో, మార్చి నుంచి మే వరకు, నీటి వసతి ఉన్నచోట మొక్కజొన్న, అలసంద కలిపి వేయవచ్చు. జొన్నను మాత్రం లేతగా ఉన్నప్పుడు, ముఖ్యంగా నీటి ఎద్దడితో వాడిన దశలో మేపరాదు. అందులో ఏర్పడే సైనైడ్ విషం నిమిషాల్లో ప్రాణం తీయగలదు. పూత దశ దాటాకే కోసి వేయాలి. కోల్‌కతా వేసవిలో ఎండ కంటే గాలిలోని తేమే పశువును ఎక్కువగా బాధిస్తుంది. చెమట ఆరక, ఒంటి వేడి బయటికి పోక పశువు రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది. సంకరజాతి ఆవుల్లో ఈ బాధ మరీ ఎక్కువ. తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక ప్రధాన మేత పెట్టడం, పాకకు గాలి ధారాళంగా వచ్చేలా చూడడం, రోజంతా చల్లని తాగునీరు అందుబాటులో ఉంచడం ముఖ్యం.

వానాకాలంలో, జూన్ నుంచి అక్టోబరు వరకు, పచ్చగడ్డి పుష్కలంగా కనిపిస్తుంది. కానీ అందులో నీరే ఎక్కువ, పొడి పదార్థం తక్కువ. ఎండుగడ్డి కలపకుండా పచ్చగడ్డి ఒక్కటే మేపితే పశువు పారుకుంటుంది. నీరు నిలిచే పల్లపు నేలల్లో పారాగడ్డి, మెరక నేలల్లో సంకర నేపియర్ అనుకూలం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాచుర్యం పొందిన ఏపీబీఎన్-1 ఈ నేపియర్ కోవకు చెందినదే. మిగులు పచ్చిమేతను, ముఖ్యంగా పాలకంకి దశలోని మొక్కజొన్నను ముక్కలు చేసి, గాలి చొరబడకుండా పాతర వేస్తే 45 రోజుల తరువాత ఎప్పుడైనా వాడుకోవచ్చు. వరద ముప్పు ఉన్న ప్రాంతాల్లో కనీసం నెలకు సరిపడే ఎండుగడ్డిని ఎత్తైన చోట నిల్వ ఉంచడం అత్యవసరం.

దూడకు తొలి గంట ఎందుకు కీలకం?

మనిషి బిడ్డకు తల్లి గర్భంలోనే కొంత రోగనిరోధక శక్తి లభిస్తుంది. దూడకు ఆ సౌకర్యం లేదు. ఆవు మాయ నిర్మాణం వల్ల రక్షక కణాంశాలు తల్లి రక్తం నుంచి దూడకు చేరవు. అవి జున్నుపాల ద్వారా మాత్రమే అందుతాయి. ఆ అంశాలను యథాతథంగా పీల్చుకునే శక్తి దూడ పేగులకు తొలి కొన్ని గంటల్లోనే ఎక్కువగా ఉండి, 24 గంటలకు దాదాపు ముగిసిపోతుంది.

అందువల్ల పుట్టిన గంట రెండు గంటల్లోపే దూడకు జున్నుపాలు తాగించాలి. మాయ పడేదాకా పాలు పట్టరాదన్న నమ్మకం కొన్ని పల్లెల్లో ఇంకా ఉంది. అది దూడకు హాని చేస్తుంది. దూడ కుడవడం వల్ల మాయ పడడానికి సాయమే అందుతుంది. తొలి రోజున దూడ బరువులో పదో వంతు, అంటే 25 కిలోల దూడకు రెండున్నర లీటర్ల జున్నుపాలను రెండు మూడు విడతలుగా పట్టాలి.

బొడ్డును శరీరానికి రెండంగుళాల దూరంలో శుభ్రమైన దారంతో కట్టి, కింద కత్తిరించి, టింక్చర్ అయోడిన్ పూయాలి. బొడ్డు ద్వారా ప్రవేశించే సూక్ష్మజీవుల వల్ల కీళ్లవాపు, జ్వరం వస్తాయి. బురద పాకల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

రెండో వారం నుంచి దూడ ముందు గుప్పెడు దూడల దాణా, కొంత లేత ఎండుగడ్డి, శుభ్రమైన నీరు ఉంచాలి. పాలు నెమరు సంచిని పెంచవు. గింజ దాణా అక్కడ పులిసినప్పుడు ఏర్పడే ఆమ్లాలే ఆ సంచి లోపలి పొరను ఎదిగిస్తాయి. దాణా త్వరగా అలవాటైన దూడ పాల మీద ఆధారపడడం త్వరగా తగ్గిస్తుంది. పాలు అమ్ముకోవాలనుకునే యజమానికీ ఇది లాభమే.

లెక్క వేసి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. తొలి నెల బరువులో పదో వంతు, రెండో నెల పదిహేనో వంతు, మూడో నెల ఇరవయ్యో వంతు చొప్పున పాలు పడితే మూడు నెలలకు సుమారు 210 లీటర్లు అవుతాయి. లీటరు 50 రూపాయలు అనుకుంటే ఇది 10,500 రూపాయలు. కోడెదూడకు ఇంత ఖర్చు ఎందుకన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది. పెయ్యదూడ విషయంలో మాత్రం ఆ పొదుపు తిరగబడుతుంది. తొలి మూడు నెలల్లో పస్తులున్న పెయ్య ఆలస్యంగా ఎదకు వస్తుంది, ఆలస్యంగా ఈనుతుంది. ఆ జాప్యం కాలమంతా దానికి పెట్టే మేత, మిగుల్చుకున్న పాల విలువను మించిపోతుంది.

కోడెదూడల సమస్యకు రెండు మార్గాలు ముందుకొచ్చాయి. రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ప్రోత్సహిస్తున్న లింగ నిర్ధారిత వీర్యంతో సుమారు 90 శాతం వరకు పెయ్యదూడలే పుట్టే అవకాశం ఉంది. మరొకటి, మగ గేదె దూడలను చావనివ్వకుండా మాంసం కోసం పెంచడం. 11వ పంచవర్ష ప్రణాళిక కాలంలో కేంద్రం దీనికోసం ఒక పథకాన్ని రూపొందించింది. భారత్ ఎగుమతి చేసే పశుమాంసం గేదె మాంసమే. ఆవు మాంసం ఎగుమతిపై నిషేధం ఉంది. అయితే పశువధ చట్టాలు రాష్ట్రానికో తీరుగా ఉన్నందున ఈ రెండో మార్గం అన్నిచోట్లా సాధ్యం కాదు.

వ్యాధులు: ఏ కాలంలో ఏ జాగ్రత్త?

గాలికుంటు వ్యాధికి ఆరు నెలలకు ఒకసారి టీకా వేయించాలి. దూడకు నాలుగో నెలలో మొదటి టీకా, నెల తరువాత మరో మోతాదు అవసరం. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఈ టీకాలు ఉచితంగా వేస్తున్నారు. ఇదే కార్యక్రమంలో నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు బ్రూసెల్లోసిస్ టీకాను జీవితంలో ఒకేసారి వేస్తారు. చూడి పశువు ఈసుకుపోవడానికి కారణమయ్యే ఈ వ్యాధి మనుషులకూ సోకుతుంది.

గొంతువాపు, జబ్బవాపు వ్యాధులు తొలకరి వానలతో విజృంభిస్తాయి. ఆరు నెలలు దాటిన పశువులకు వీటి టీకాలు వానలకు ముందే, అంటే మే నెలాఖరులోగా వేయించాలి. గొంతువాపు సోకిన పశువు ఒక్కరోజులోనే మరణించవచ్చు. లక్షణాలు కనిపించాక వైద్యానికి దొరికే వ్యవధి చాలా తక్కువ.

ముద్దచర్మ వ్యాధి భారత్‌లో తొలిసారి 2019లో, బెంగాల్ పొరుగు రాష్ట్రమైన ఒడిశాలో బయటపడింది. 2022లో దేశంలోని అనేక రాష్ట్రాల్లో వేలాది పశువులను బలిగొంది. ఈగలు, దోమలు, పిడుదులు దీన్ని వ్యాపింపజేస్తాయి. మేకల మశూచి టీకా దీని నుంచి రక్షణనిస్తుంది. పాక చుట్టూ నిలిచిన నీటిని, పేడకుప్పలను తొలగించడమూ నివారణలో భాగమే.

డెల్టా ప్రాంతాల్లో కంటికి కనిపించకుండా పశువును క్షీణింపజేసేది కార్జపు జలగ. దీని జీవితచక్రంలో ఒక దశ నీటి నత్తల్లో గడుస్తుంది. నత్తల నుంచి వెలువడిన పిల్లలు నీటి అంచున ఉన్న గడ్డికి అంటుకుంటాయి. పశువు ఆ గడ్డి తిన్నప్పుడు అవి కాలేయానికి చేరుతాయి. దవడ కింద నీరు దిగడం, పారుడు, రక్తహీనత దీని ప్రధాన లక్షణాలు. వానలకు ముందు, వానలు ముగిశాక పేడ పరీక్ష చేయించి, పశువైద్యుడు చెప్పిన మందు తాగించాలి. నిలవనీటి అంచున మేపకపోవడం, గడ్డిని బాగా ఎండబెట్టి వాడడం వల్ల ముప్పు తగ్గుతుంది.

దూడల్లో, ముఖ్యంగా గేదె దూడల్లో, ఏలికపాములు తల్లి పాల ద్వారానే సంక్రమిస్తాయి. మట్టిరంగు, దుర్వాసనతో కూడిన పారుడు దీనికి సూచన. పుట్టిన పది పదిహేను రోజులకు తొలి నట్టల మందు, ఆ తరువాత ఆరు నెలల వయసు వరకు వైద్యుని సలహాపై నెలకొకసారి తాగించడం మంచిది.

నగరంలో, శివార్లలో తిరిగే పశువులకు చెత్తకుప్పల్లోని ప్లాస్టిక్ సంచులు మరో ముప్పు. అవి నెమరు సంచిలో ముద్దగా పేరుకుపోతాయి. శస్త్రచికిత్స తప్ప వాటిని తొలగించే మార్గం లేదు.

మందుల వాడకంలోనూ నియమం అవసరం. యాంటీబయాటిక్ వాడిన పశువు పాలను, మాంసాన్ని నిర్ణీత గడువు ముగిసేదాకా ఆహారంగా వాడరాదు. రాబందుల మరణాలకు కారణమైన డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడడంపై 2006 నుంచి నిషేధం ఉంది. దాని స్థానంలో మెలాక్సికామ్ అందుబాటులో ఉంది.

సాయం ఎక్కడ లభిస్తుంది?

పశువైద్యంలో కోల్‌కతాకు దీర్ఘ చరిత్ర ఉంది. దేశంలోని పశువుల మహమ్మారులపై నియమితమైన కమిషన్ నివేదిక 1871లో ఈ నగరం నుంచే వెలువడింది. 19వ శతాబ్దం చివరలో బెల్గాచియాలో ఏర్పడిన బెంగాల్ పశువైద్య కళాశాల ప్రాంగణంలోనే నేడు పశ్చిమ బెంగాల్ పశు, మత్స్య శాస్త్రాల విశ్వవిద్యాలయం పనిచేస్తోంది.

ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో 1962 అనే ఉచిత ఫోన్ నంబరుకు కాల్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. చెవికి వేసే 12 అంకెల గుర్తింపు పోగు ఆధారంగా టీకాలు, ఈతలు, చికిత్సల వివరాలు నమోదవుతాయి. పశువును అమ్మేటప్పుడు, కొనేటప్పుడు ఈ వివరాలు ఇరుపక్షాలకూ ఉపకరిస్తాయి.

అయితే ఏ వాహనమూ వచ్చి దూడకు తొలి గంటలో జున్నుపాలు పట్టదు, కోతల నాడు గడ్డిని వాముకు చేర్చదు. ఆ రెండు పనులూ యజమాని చేతిలోనివే. మేతకు దూరమైన పశువు ఎలా క్షీణిస్తుందో ఖటాళ్ల చరిత్ర చూపింది. వరి పండే ప్రతి డెల్టాలోనూ పశువు ముందు గడ్డి ఉంటుంది. ఆ గడ్డిని బలమైన మేతగా మార్చడం, తొలి మూడు నెలలు దూడ వాటా పాలను దూడకే వదలడం అనే రెండు అలవాట్లతోనే ఏడాది పొడవునా ఆరోగ్యంగా నిలిచే మంద తయారవుతుంది.